ఉప్పుడు బియ్యం మిల్లులో పెళ్ళి

ఈమధ్య కెమెరా పట్టిన పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "గురువుగారూ, పాత ఫ్యాక్టరీలో పెళ్ళి వచ్చింది. లైట్లు ఎలా పెట్టమంటారు?" లైట్ల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు నాయనా. నేను చెప్పగలిగింది వేరే ఉంది, అది మీరు అడగరు. రాజమండ్రిలో ముప్పై ఎనిమిదేళ్ళు పెళ్ళిళ్ళు తీశాను. కళ్ళకి శుక్లాలు వచ్చి స్టూడియో మూసేశాను. తీసిన పెళ్ళిళ్ళన్నిటిలో ఇప్పటికీ నాకు సగమే అర్థమైనది ఒకటుంది, మూసేయడానికి ముందు ఏడాది తీసింది. అది చెబుతాను. మధ్యలో నన్ను మెచ్చుకోకండి, మెచ్చుకోవాల్సినంత ఘనకార్యం నేనేమీ చేయలేదు.

ఆ పెళ్ళికూతురు బెంగుళూరులో ఆఫీసుల లోపలి డిజైన్లు గీసే ఉద్యోగం చేసేది. ఒక శనివారం ఉదయం స్టూడియోకి వచ్చి, ముహూర్తం ఎప్పుడో కూడా చెప్పకుండా, "అంకుల్, పెళ్ళి ఎక్కడ చేసుకోవాలో మీరు నాతో వచ్చి చూడాలి. ఫోటోలో ఏది బాగుంటుందో మీరే చెప్పాలి," అంది. నా వృత్తిలో ఎవరూ అలా అడిగిన పాపాన పోలేదు. మా వైపు హాలు పెద్దవాళ్ళు మాట్లాడతారు. భోజనాల గదిలో ఎన్ని వరుసలు పడతాయి, కార్లు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవే చూస్తారు. ఫోటోగ్రాఫర్‌కి ఆఖర్న ఫోన్ చేసి, ఫలానా చోటికి వచ్చెయ్యండి అంటారు. ఇన్నాళ్ళకి ఒకరు అడిగారన్న సంబరంలో ఆ రోజు పనులన్నీ మానేసి బయల్దేరాను. పాతికేళ్ళుగా నాతో వీడియో తీస్తున్న మిత్రుణ్ణి కూడా లాక్కుపోయాను. వాడికి ప్రపంచంలో ఏదీ నచ్చదు, అలాంటివాడు ఒకడు పక్కనుంటే నాకు ధైర్యం.

మొదట ఏసీ ఫంక్షన్ హాలు చూశాం. బంగారు రంగు స్తంభాలు, పైన గాజు దీపాల గుత్తులు, నేల అద్దంలా మెరుస్తోంది. కళ్ళు మూసుకుని తీసినా ఫోటో వస్తుంది. "ఇదైతే దివ్యంగా ఉందమ్మా," అన్నాను. "ఇది ఏ ఊళ్ళో అయినా ఇలాగే ఉంటుంది కదా అంకుల్," అంది. తర్వాత గోదావరి గట్టు మీద ఒక తోట. అక్కడ గాలికి అడ్డుతెర ఎగిరి అవతలి ఒడ్డుకి పోతుందని మావాడే కొట్టిపారేశాడు. మూడోది ఊరి చివర మూతబడ్డ ఉప్పుడు బియ్యం మిల్లు. దాని యజమాని కొడుకు యంత్రాలు కొన్ని అమ్మేసి, కొన్ని వదిలేసి, ఫంక్షన్లకి అద్దెకిస్తున్నాడట.

లోపలికి వెళ్ళగానే నాకు మతిపోయింది. తుప్పుపట్టిన రేకులు, మూలకి పాత బాయిలరు, పైన వేలాడుతున్న బెల్టులు. ఊక తగలేసీ తగలేసీ గోడ రెండు నిలువుల ఎత్తు దాకా మసిబారి నల్లగా ఉంది. ఆ పిల్ల ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. చెయ్యి తీస్తే కాటుక పూసుకున్నట్టుంది. "ఇక్కడే అంకుల్," అంది.

మావాడు నా చెవిలో, "ఇది పెళ్ళా, పోలీసు విచారణా?" అన్నాడు.

"అమ్మా, ఇది షెడ్డు," అన్నాను నేను, ఇంతకన్నా మర్యాదగా చెప్పడం చేతగాక.

అప్పుడు చెప్పింది. "మా అమ్మ ఇక్కడ పంతొమ్మిదేళ్ళు ధాన్యం తిప్పింది అంకుల్. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఈ మిల్లు కూలితోనే నన్ను చదివించింది. మా ఆఫీసువాళ్ళు, పెళ్ళికొడుకు వాళ్ళు, అందరూ ఈ గోడ ముందు నిలబడి నా పెళ్ళి చూడాలి."

"అమ్మగారికి చెప్పావా మరి?" అన్నాను. "చెప్పాను. ఏమీ అనలేదు," అంది. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనని ఆ పిల్ల అనుకుంది. ఆడపిల్లల తండ్రినై ఉండి నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రోజు ఆ మిల్లుని నలుమూలలా ఫోటోలు తీసి, అలవాటు కొద్దీ కంప్యూటర్లో మసి మరకలు తుడిచి, రంగు పెంచి పంపాను. పది నిమిషాల్లో ఫోన్. "అంకుల్, మసి ఏమైంది? నాకు మసి కావాలి!" ముప్పై ఎనిమిదేళ్ళు జనం మొహాల మీద మచ్చలు తుడిచి బతికినవాణ్ణి. మసి కావాలని అడిగిన మనిషిని అప్పుడే చూశాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని మళ్ళీ మసి పెట్టి పంపాను.

పెళ్ళి ఇంకా వారం రోజులుందనగా వాళ్ళమ్మ నా స్టూడియోకి వచ్చింది. ఒక్కతే వచ్చింది. సన్నటి మనిషి, నేత చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడల మీద పెళ్ళి ఫోటోలన్నీ ఒక్కొక్కటీ ఆగి ఆగి చూసింది.

"అన్నయ్యగారూ, ఒక మాట అడగొచ్చాండి?"

"అడగమ్మా."

"ఆ మిల్లు గోడ మొత్తం మసండి. నల్లటి గోడ ముందు పిల్ల మొహం ఎలా వస్తాదండి?"

ఇదీ ప్రశ్నంటే! ఇన్ని రోజుల తర్వాత నాకు తెలిసిన భాషలో ఒకరు మాట్లాడారు. నేను ఉత్సాహంగా పాఠం మొదలుపెట్టాను. నల్లగోడ వెలుతురు మింగేస్తుంది, తెల్లగోడైతే వెలుతురు తిరిగొచ్చి మొహం మీద పడుతుంది, చామనఛాయ వాళ్ళు కూడా కళగా వస్తారు అని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. "తెల్లగోడైతే ఆ అందమే వేరమ్మా," అన్నాను ఆఖర్న, నవ్వుతూ.

"ఆయ్, అదేనండి నేనూ అనుకున్నది," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక టీ తెప్పించుకుని తాగాను. నా మాట విన్న మనిషి ఒకరున్నారని తృప్తిగా ఉంది.

పెళ్ళికి రెండు రోజుల ముందు పెళ్ళికూతురు బెంగుళూరు నుంచి దిగి, సరాసరి మిల్లుకి వెళ్ళి నాకు ఫోన్ చేసింది. 'మిల్లు' అన్న ఒక్క మాట తప్ప అంతా ఏడుపే. నేనూ మావాడూ స్కూటర్ మీద పరుగెత్తాం.

గోడ తెల్లగా ఉంది. మొత్తం. పదిమంది ఆడవాళ్ళు, అందరూ అరవై దాటినవాళ్ళే, చీరలు ఎగదోపుకుని, చేతుల్లో కుంచెలతో, బకెట్లలో సున్నంతో రెండో పూత వేస్తున్నారు. ఒకప్పుడు ఆ మిల్లులో ఆవిడతో కలిసి పనిచేసినవాళ్ళట. బాయిలరు తలుపుకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. గుమ్మానికి మామిడాకులు. కాపలా ముసలాయన నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఇదేంటని ఆయన్ని అడిగితే, "పెళ్ళికి వెల్ల వేయకపోతే ఎలాగండి?" అని నన్నే ఎదురడిగాడు. నిజమే మరి. మా వైపు పూరింట్లో పెళ్ళయినా గోడలకి సున్నం పడాల్సిందే. ఆ మసిగోడ ముందు పెళ్ళి చేయాలనుకున్న మేమే ఆయన కంటికి వెర్రివాళ్ళలా కనపడి ఉంటాం.

పెళ్ళికూతురు గడప మీద కూర్చుని ఉంది. తల్లి ఎదురుగా, మోచేతుల దాకా సున్నంతో.

"ఎవరు చెప్పారమ్మా నీకు ఇలా చేయమని? ఎవరు చెప్పారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కెమెరా సంచి తడుముకున్నాను. ఆ తల్లి ఒక్కసారి నా వైపు చూసింది. నేను లెన్స్ మూత తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను.

"ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది," అంది ఆవిడ.

"నీ కోసమే కదమ్మా ఇక్కడ పెట్టుకున్నాను! నీ కష్టం అందరికీ కనపడాలని!"

"నా కోసమైతే నన్నడగాలి కదే. నా కష్టం నేనెవరికి చూపించాలి? రోజూ ఇంటికొచ్చి ముందు ఆ మసి కడుక్కునేదాన్ని, నువ్వు చూస్తే భయపడతావని. ఇప్పుడు దాని ముందు నిన్ను నిలబెట్టి అక్షింతలు వేయాలా?"

"నీకేం అర్థం కాదు. అంతా పాడుచేశావు." ఆ పిల్ల లేచి నిలబడింది. "ఎల్లుండి పీటల దగ్గర నాకు కనపడకు."

ఆ మాట అన్న మరుక్షణం ఆ పిల్ల మొహం పాలిపోయింది. కానీ అనేసింది. తల్లి "సరే" అని కుంచె బకెట్లో పెట్టి బయటికి నడిచింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారే, అలా ఉంది నా పని. కూతురి మాట వింటే కూతురిదే న్యాయం, తల్లి మాట వింటే తల్లిదే న్యాయం. నాది మాత్రం ఏ వైపు నుంచి చూసినా తప్పే. దారిలో మావాడు, "ఇంతకీ ఆవిడకి ఆ ఆలోచన ఎలా వచ్చిందంటావు?" అన్నాడు. స్కూటర్ చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను.

పెళ్ళి ముహూర్తం పగలు పదకొండు దాటాక. నేను ఏడింటికే వెళ్ళి పని మొదలుపెట్టాను. మసి మీద వేసిన సున్నం ఆరి, అక్కడక్కడ పొరలుగా నలుపు బయటికి తేలింది. అది తెలుపూ కాదు, నలుపూ కాదు. దాని ముందు ఏ లైటు ఎక్కడ పెట్టాలో తోచక, గోడని వదిలేసి మనుషుల్నే తీస్తూ పోయాను. పెళ్ళికొడుకుది నరసాపురం వైపు, ఉపాధ్యాయుల కుటుంబం. నెమ్మదైనవాళ్ళు. వాళ్ళకి గోడతో పనే లేదు, ఎండ ఎక్కువైందని మాత్రం అనుకున్నారు.

పది దాటాక కెమెరా వెనక బొమ్మలు వెనక్కి తిప్పి చూసుకుంటున్నాను. స్నాతకం, ఎదురుకోలు, బావమరుదులు, పిన్నులు, పట్టుచీరలు. రెండొందలు చూశాను, మూడొందలు చూశాను. తల్లి లేదు. ఒక్క ఫోటోలో కూడా, వెనకాల మసకగా కూడా లేదు. కన్యాదానానికి పెదనాన్న, పెద్దమ్మ పీటల మీద కూర్చుంటున్నారు కాబట్టి ఎవరికీ ఆవిడ లోటు తెలియలేదు. వెళ్ళి వెతికితే బయట భోజనాల పందిట్లో ఉంది. ఆకులు లెక్కసరిగా పడ్డాయా, మజ్జిగలో ఉప్పు చాలిందా అని చూస్తోంది, అద్దెకొచ్చిన మనిషిలాగా. నేను కెమెరా ఎత్తితే తప్పుకుంది.

"లోపలికి రామ్మా," అన్నాను.

"వద్దండి. పిల్ల వద్దంది కదండి."

అప్పుడు నా మీద నాకు అసహ్యం వేసింది. తల్లి లేకుండా ఆ పిల్ల మెడలో తాళి పడబోతోంది. తెల్లగోడ అందం గురించి ఉపన్యాసం దంచినవాణ్ణి నేను, నోరు విప్పాల్సినప్పుడు లెన్స్ మూత తుడిచినవాణ్ణి నేను. ముహూర్తానికి అరగంట లేదు.

పెళ్ళికూతురు పక్కనున్న చిన్న గదిలో గౌరీపూజలో కూర్చుని ఉంది. ఎదురుగా పురోహితుడుగారు మంత్రం ఆపి మంచినీళ్ళు తాగుతున్నారు. ఇదే సమయమనుకుని నేను లోపలికి దూరి, పీట పక్కన గొంతుక్కూర్చున్నాను.

"అమ్మా, నన్ను తిట్టు. ఆ సున్నం మాట చెప్పింది నేనే. మీ అమ్మగారు స్టూడియోకి వచ్చి అడిగితే, తెల్లగోడైతే నీ మొహం బాగా వస్తుందన్నాను. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు భయపడి నోరెత్తలేదు. ఆవిడ నా పేరు బయటపెట్టలేదు. నా తప్పుకి అమ్మని బయట నిలబెట్టకు."

గుమ్మంలో మావాడు రెండు చేతులూ ఊపుతున్నాడు. వీడియోకి అడ్డం వచ్చానని తిడుతున్నాడనుకున్నాను. "ఉండరా, ఒక్క నిమిషం!" అన్నాను. ఆ "ఉండరా" బయట నాలుగు లౌడ్‌స్పీకర్లలో మోగింది. అప్పుడు చూశాను, పురోహితుడుగారి ఉత్తరీయానికి కాలర్ మైకు. ఆయన గ్లాసు ఒక చేత్తో, మైకు ఒక చేత్తో పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నారు. నా పాపమంతా మొదటి నుంచి చివరిదాకా రెండువైపుల చుట్టాలూ విన్నారు. వంటవాళ్ళు కూడా విన్నారు.

ఎవరో దగ్గారు. పెళ్ళికూతురు నన్నే చూస్తోంది. ఇంతలో గుమ్మం దగ్గర జనం పక్కకి జరిగారు. వాళ్ళమ్మ వచ్చింది, చేతిలో మజ్జిగ గరిటెతో సహా.

"అన్నయ్యగారూ, మీరేంటండి మధ్యలో? మీరు చెప్పకపోయినా సున్నం వేసేదాన్నేనండి. మీ దగ్గరకి రాకముందే సున్నం తెప్పించేశాను."

నేను గొంతుక్కూర్చున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను. మరెందుకు వచ్చి అడిగినట్టు? అదే అడిగాను.

"ఎవరో ఒకరు ఔనంటే బాగుంటాదని వచ్చానండి. మా పిల్ల నన్ను అడగలేదు. అడిగితే మిమ్మల్ని అడిగింది, మీతో తిరిగి చూసింది. అందుకని నేనూ మిమ్మల్నే అడిగాను."

మూడు రోజులుగా మోసిన పాపం నాది కానే కాదని ఆ గదిలో తేలింది. మరి నాది కానిదైతే ఇంత సిగ్గెందుకు వేసిందో తెలియదు. చోటు చూడ్డానికి ఆ పిల్ల పక్కన నడిచిన రోజు, అక్కడ నడవాల్సిన మనిషి ఇంకొకరున్నారని నాకెందుకు తట్టలేదు? నన్ను అడిగారని పొంగిపోయాను గానీ.

పెళ్ళికూతురు పీట మీద నుంచి లేవకూడదన్నారు ఎవరో. ఆ పిల్ల లేచింది. వెళ్ళి తల్లి చేతిలో గరిటె తీసుకుని మావాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని పెళ్ళయ్యేదాకా పట్టుకునే వీడియో తీశాడు.

"అమ్మా, నేను అడగలేదు," అంది. "తప్పయిపోయింది."

"సర్లే, ముహూర్తం దాటిపోతాది, కూర్చో," అంది తల్లి. కళ్ళు మాత్రం తుడుచుకుంది. పెద్దవాళ్ళలో ఒకావిడ, భర్త లేని మనిషి గౌరీపూజ దగ్గర ఏంటని గొణిగింది. పురోహితుడుగారు మైకు మీద చెయ్యి తీసి, "కన్నతల్లిని మించిన గౌరీదేవి ఎక్కడుందమ్మా, కూర్చోండి," అన్నారు. అది కూడా నాలుగు స్పీకర్లలో వచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తల్లి కూతురి వెనకే నిలబడింది. ఆ ఫోటోలు బాగా వచ్చాయి. తెల్లగోడ ముందు మొహాలు కళగానే ఉన్నాయి, ఆ మాటవరకు నాది నిజమే.

భోజనాలయ్యాక పెళ్ళికూతురు పెళ్ళికొడుకుని వెంటబెట్టుకుని తల్లి దగ్గరకి వచ్చింది. నేనక్కడే ఉన్నాను. "అమ్మా, ఇప్పుడు అడుగుతున్నాను. నీకు మాతో ఫోటో ఎక్కడ కావాలి?"

ఆవిడ హాలు వైపు చూడలేదు. బాయిలరు వైపూ చూడలేదు. "అక్కడ," అని వెనక వాకిట్లో ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు చూపించింది. మిట్టమధ్యాహ్నం రెండు గంటలు. చెట్టు నీడన్నది లేదు, గచ్చు మీద నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. ఫోటో తీయడానికి అంతకన్నా పనికిమాలిన వేళ, పనికిమాలిన చోటు భూమ్మీద ఉండవు. నోటిదాకా వచ్చింది గానీ, ఈసారి మింగేశాను.

"కుర్చీ వేయించండి. నడిమధ్యలో," అంది. కుర్చీ వచ్చింది. గచ్చు అంచుదాకా వెళ్ళి ఆవిడ ఆగిపోయింది. ఒక చెప్పు సగం విప్పి అలాగే నిలబడింది. మా అందరికీ అర్థం కాలేదు. అప్పుడు కూతురితో అంది, "చెప్పులతో ఇక్కడికి రానిచ్చేవారు కాదే. ధాన్యం లక్ష్మి, తొక్కకూడదు, అది సరే. గచ్చు ఖాళీగా ఉన్నప్పుడు ఊడ్చినా కూడా ఒట్టికాళ్ళే. ఎండాకాలం కాళ్ళతో ధాన్యంలో చాళ్ళు తీస్తుంటే అరికాళ్ళు బొబ్బలెక్కిపోయేవి. కూర్చుంటే మేస్త్రీ కేకలు."

కూతురు మోకాళ్ళ మీద కూర్చుని, గోరింటాకు చేతులతో, తల్లి సగం విప్పిన చెప్పు మళ్ళీ కాలికి తొడిగింది. ఆవిడ ఆ చెప్పులతో గచ్చు మీద టపటపా నడుచుకుంటూ నడిమధ్యకి వెళ్ళి, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. సున్నం వేసిన ఆడవాళ్ళు పదిమందీ అంచున నిలబడి ఒకటే నవ్వు. కూతురూ అల్లుడూ చెరోపక్క నిలబడ్డారు. లైట్లు లేవు, గొడుగు లేదు, నేను చేసింది మీట నొక్కడం ఒక్కటే.

ఆ గోడని మిల్లు యజమాని కొడుకు అలాగే వదిలేశాడు. ఇప్పుడు మీరంతా "ఆ పాతకాలపు వెల్లగోడ కావాలండి" అని దాని ముందే బారులు తీరి ఫోటోలు తీస్తున్నారని విన్నాను. నాకేమీ అర్థం కాదు, తీసుకోండి. కానీ చోటు చూడ్డానికి వెళ్ళేటప్పుడు, ఆ చోటు అంతకుముందే తెలిసిన మనిషి ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో అడిగి, వాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళండి.

పెళ్ళయిన మూడు వారాలకి ఆవిడ ఫోటోల కోసం వచ్చింది. ఈసారి చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. గచ్చు మీద ఫోటో పెద్దది చేయించి ఉంచాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మొహం నల్లగా వచ్చిందేంటండి అన్నయ్యగారూ?"

"నడినెత్తిన ఎండ కదమ్మా," అన్నాను. బుద్ధి ఎక్కడికి పోతుంది, మళ్ళీ అనేశాను, "కంప్యూటర్లో కాస్త తెలుపు చేసి ఇవ్వనా?"

ఆవిడ వేలు ఫోటో మీద కిందికి జరిగి, గచ్చు దగ్గర ఆగింది.

"ఎందుకండి? చెప్పులు కనపడుతున్నాయి కదా," అని, ఫోటోని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.